మారు తాళపుచెవి

1879 జూలై 1వ తేదీన మన దేశములో తపాలా కార్డు వెలువడెను. వెల కాలణా. అంత చవుకగా క్షేమసమాచారము పంపుకొను అవకాశము అంతకుముందు సామాన్యునకు లేదు. కాని కార్డునకు ఒక లోపము కలదు. దానిని అందుకొనువాడే కాక పోస్టుమాస్టరు చదువవచ్చును, బట్వాడా జవాను చదువవచ్చును, వీధి అరుగుమీద కూర్చున్న పెద్దమనిషియు చదువవచ్చును. పెండ్లి ముహూర్తము నిశ్చయమైనదని వ్రాయుటకు కార్డు చాలును. అప్పు తీర్చుటకు గడువు అడుగవలెనన్న కవరు కొనవలసినదే. ఈ తేడాను ఎవరును బోధింపకయే జనులు గ్రహించిరి.

కవరును విప్పు అధికారము ప్రభుత్వమునకు లేకపోలేదు. ప్రజాక్షేమమునకు భంగము కలుగునప్పుడు తపాలాలోని ఏ ఉత్తరమునైనను నిలిపి ఉంచవచ్చునని 1898 నాటి తపాలా చట్టము 26వ సెక్షనులో కలదు. దాని స్థానమున 2023లో చేసిన క్రొత్త చట్టము 2024 జూన్ నుండి అమలులోనికి వచ్చెను గాని, ఆ అధికారము అందును నిలిచియే యున్నది. తంతివార్తల విషయమున 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ఇట్టి అధికారమునే ఇచ్చెను. అయితే ఈ అధికారమునకు చట్టముకన్న గట్టి హద్దు వేరొకటి ఉండెడిది. అది చాకిరి. వేల ఉత్తరములలో కావలసిన కవరును ఏరవలెను, ఆవిరి పట్టి విప్పవలెను, నకలు వ్రాసికొనవలెను, అనుమానము రాకుండ మరల అంటింపవలెను. దేశములోని ఉత్తరములన్నింటిని ఇట్లు చూడవలెనన్న దేశములో సగముమంది ఆ కొలువునందే ఉండవలసివచ్చును. కావున నిజముగా అనుమానింపదగినవారి ఉత్తరములను మాత్రమే విప్పుట జరిగెడిది.

నేటి సందేశము సంగతి వేరు. సెల్‌ఫోనులో వ్రాసిన మాట సున్నలుగాను ఒకట్లుగాను మారి, అనేక యంత్రములను దాటుచు గమ్యము చేరును. దారిలోని ప్రతి యంత్రమును దానికి నకలు తీయగలదు. లక్ష సందేశములైనను కోటి సందేశములైనను దానికి శ్రమ లేదు. అనగా విద్యుత్ సందేశములన్నియు స్వభావముచేత కార్డులే. వానికి కవరు తొడుగవలెనన్న ఒకే ఉపాయము కలదు, అది రహస్యలిపి. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, ఈ కవరు ఆవిరికి ఊడదు. సరిగా చేసినచో, న్యాయమైన ఉత్తరువుతో వచ్చిన పోలీసు అధికారికిని ఊడదు. గడచిన అర్ధశతాబ్ది కాలములో ప్రభుత్వములకును గణితవేత్తలకును, ముఖ్యముగా అమెరికాలో, నడచిన పెద్ద వివాదము ఈ చిక్కును గూర్చియే.

రహస్యలిపి క్రొత్త విద్య కాదు. గూఢచారుల వార్తలు సంజ్ఞాలిపిలో నడువవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రములో కలదు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళలలో మ్లేచ్ఛిత వికల్పమను పేర రహస్యలేఖనము ఒకటి. రోము సేనాని జూలియస్ సీజరు ప్రతి అక్షరమును వర్ణమాలలో మూడు స్థానములు ముందునకు జరిపి వ్రాసెడివాడు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనుల ఎనిగ్మా యంత్రమును, దాని లిపిని ఛేదించిన బ్లెచ్లీ పార్కు గణితవేత్తలను ఎరుగనివారు తక్కువ. కాని ఇవియన్నియు రాజులకును సేనలకును రాయబారులకును సంబంధించిన పనులు. తాళము వేయునదియు ప్రభుత్వమే, ఇతరుల తాళములను పగులగొట్టునదియు ప్రభుత్వమే. నడుమ సామాన్యుని ప్రసక్తి లేదు.

బ్యాంకులును వర్తకసంస్థలును కంప్యూటర్లను వాడ మొదలిడిన తరువాత ఈ స్థితి మారెను. ఖాతాల వివరములు తీగల వెంట పోవుచుండగా వానికి రక్షణ కావలసివచ్చెను. 1973 మే నెలలో అమెరికా ప్రమాణముల సంస్థ, అందరును వాడుకొనదగిన ఒక రహస్యలిపి పద్ధతిని సూచింపుడని బహిరంగముగా కోరెను. ఐ.బి.ఎం. సంస్థలో హార్స్ట్ ఫైస్టెల్ అను శాస్త్రజ్ఞుడు లూసిఫర్ అను పద్ధతిని అంతకుముందే రూపొందించి యుండెను. దానిని సవరించి 1977 జనవరిలో జాతీయ ప్రమాణముగా ప్రకటించిరి. డి.ఇ.ఎస్. అను పేర అది రెండు దశాబ్దులపాటు ప్రపంచమంతట వాడుకలో నుండెను.

ఇక్కడ తాళపుచెవి యనగా ఒక సంఖ్య. ఆ సంఖ్య తెలిసినవాడు సందేశమును విప్పగలడు. తెలియనివాడు ఒక్కొక్క సంఖ్యను వేసి చూడవలసినదే. తాళపుచెవి పొడవును బిట్లలో చెప్పుదురు. బిట్టు అనగా సున్నయో ఒకటియో నిలుచు ఒక స్థానము. ఒక బిట్టు పెరిగినచో సాధ్యమగు తాళపుచెవుల సంఖ్య రెట్టింపగును. లూసిఫర్ పద్ధతిలో తాళపుచెవి 128 బిట్లు. ప్రమాణముగా వెలువడునప్పటికి అది 56 బిట్లకు తగ్గెను. ఆ పొడవు చాలునని ఐ.బి.ఎం. వారిని ఒప్పించినది జాతీయ భద్రతా సంస్థ. ఇతర దేశముల వార్తలను పట్టి చదువుటయే ఆ సంస్థ వృత్తి. ఈ సంగతి 1978లో అమెరికా సెనెట్ సంఘము వెల్లడి చేసెను.

56 బిట్ల తాళపుచెవులు మొత్తము 72,05,75,94,03,79,27,936. చూచుటకు భయంకరమైన సంఖ్యయే. కాని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములోని విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనువారు దీనిని సామాన్యమైన భాగహారముతో పరీక్షించిరి. సెకనుకు పది లక్షల తాళపుచెవులను వేసి చూడగల చిప్పులు పది లక్షలు కూర్చి ఒక యంత్రము చేసినచో, అది సెకనుకు లక్ష కోట్లు చూడగలదు. పై సంఖ్యను లక్ష కోట్లచే భాగించిన సుమారు 72,000 సెకనులు వచ్చును, అనగా 20 గంటలు. అట్టి యంత్రమునకు రెండు కోట్ల డాలర్లు పట్టునని 1977లో వారు అంచనా వేసిరి. వర్తకునకు అది అలవికాని సొమ్ము; ప్రభుత్వమునకు కాదు. వారి అనుమానము 1998 జూలైలో రుజువయ్యెను. ఒక పౌరహక్కుల సంఘము రెండున్నర లక్షల డాలర్ల లోపు వ్యయముతో, సెకనుకు సుమారు 9,000 కోట్ల తాళపుచెవులను పరీక్షించు యంత్రమును నిర్మించి, 56 గంటలలో ఒక సందేశమును విప్పెను.

ఈ కథలోనే ఒక విచిత్రము కలదు. డి.ఇ.ఎస్. లోపలి పట్టికలను గూర్చియు ప్రజలలో అనుమానము ఉండెడిది; భద్రతా సంస్థ అందులో దొంగదారి పెట్టినదని పలువురు తలచిరి. 1990 ప్రాంతమున ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు బీహమ్, షమీర్‌లు లిపులను ఛేదించు ఒక క్రొత్త పద్ధతిని ప్రకటించి దానిని డి.ఇ.ఎస్.పై ప్రయోగించి చూడగా, ఆ పట్టికలు సరిగా ఆ దాడికే తట్టుకొనునట్లు కూర్చబడియుండెను. ఐ.బి.ఎం. వారికి ఆ రహస్యము 1974 నాటికే తెలియునని తరువాత బయటపడెను. ఒకవైపు తాళమును బలపరచుట, మరియొకవైపు తాళపుచెవిని కుదించుట! దొంగలకు లొంగక తమకు మాత్రమే లొంగు తాళము కావలెనను కోరిక ఇంత స్పష్టముగా మరెక్కడను కనబడదు.

ఇంతలో అసలు విప్లవము వచ్చినది వేరు దిక్కునుండి. పాత పద్ధతులన్నింటిలో పంపువానికిని అందుకొనువానికిని ఒకే తాళపుచెవి. దానిని ముందుగా చేర్చుట యెట్లు? రాయబారి సంచిలో పంపవచ్చును గాని, సామాన్యునకు రాయబారి ఎక్కడ? 1976 నవంబరులో డిఫీ, హెల్మన్‌లు ప్రకటించిన వ్యాసములో ఈ చిక్కునకు ఆశ్చర్యకరమైన సమాధానము ఉండెను. మూయుటకు ఒక తాళపుచెవి, తెరచుటకు మరియొకటి ఉండవలెను. మొదటిదానిని లోకమంతటికి చాటవచ్చును. రెండవది ఇంటనే ఉండును. మరుసటి ఏడు మసాచుసెట్స్‌లో రివెస్ట్, షమీర్, ఆడెల్మన్ అను మువ్వురు దీనిని ఆచరణలోనికి తెచ్చిరి. బ్రిటిషు ప్రభుత్వ సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ అను యువకుడు 1973లోనే ఇట్టి పద్ధతిని కనిపెట్టెను గాని, అది 1997 వరకు రహస్యముగా ఉండిపోయెను.

ఉన్నత పాఠశాల విద్యార్థులు సయితము దీనిని నల్లబల్లపై చేసి చూడవచ్చును. 3, 11 అను రెండు ప్రధానసంఖ్యలను గ్రహింపుడు. లబ్ధము 33. ఒక్కొక్కదాని నుండి ఒకటి తీసివేసి గుణించిన, 2 × 10 = 20. బహిరంగ సంఖ్యగా 3ను తీసికొనుడు. దానిచే గుణించినప్పుడు 20తో భాగింపగా 1 శేషము నిచ్చు సంఖ్య 7, ఏలనన 3 × 7 = 21. ఈ 7 మీ రహస్యము. ఇప్పుడు మీ మిత్రుడు 4 అను సంఖ్యను మీకు రహస్యముగా పంపవలెను. అతడు 4ను మూడుసార్లు వేసి గుణించును: 64. దానిని 33చే భాగింపగా శేషము 31. అతడు 31ని పంపును. మీరు 31ని ఏడుసార్లు వేసి గుణించి 33చే భాగింపుడు. పెద్ద సంఖ్యకు భయపడనక్కరలేదు; మధ్యమధ్య శేషములు తీసికొనుచు పోవచ్చును. 31 × 31 = 961, శేషము 4; రెండు మారులు కలిసిన నాలుగు మారులకు 4 × 4 = 16; ఆరు మారులకు 16 × 4 = 64, శేషము 31; ఏడవ మారు 31 × 31, శేషము 4. మిత్రుడు పంపిన సంఖ్య వచ్చినది. 33 అను లబ్ధమును, 3ను ఊరంతయు ఎరిగినను, 33ను 3 × 11గా విడదీయనిదే 7 దొరకదు. 33ను విడదీయుట ఆట. వందల అంకెల సంఖ్యను విడదీయుట మహాశ్రమ. 1977 ఆగస్టులో పందెముగా ప్రకటించిన 129 అంకెల సంఖ్యను 1994లో సుమారు 600 మంది ఇంటర్నెట్టు ద్వారా చేతులు కలిపి, 8 నెలలు కష్టించి విడదీసిరి. నేడు వాడుకలో నున్న సంఖ్యలు 600 అంకెలకు పైబడినవి.

గణితముపై కావలి పెట్టుట ఎంత కష్టమో ప్రభుత్వములకు అప్పుడే తెలియవచ్చెను. 1977లో, ఇట్టి పరిశోధనలను విదేశీయులు హాజరగు సభలలో చదువుట ఆయుధముల ఎగుమతి చట్టమునకు విరుద్ధము కావచ్చునని హెచ్చరించుచు భద్రతా సంస్థ ఉద్యోగి యొకడు ఇంజనీర్ల సంఘమునకు లేఖ వ్రాసెను. ఆ అక్టోబరులో ఇథాకా నగరములో జరిగిన సభలో హెల్మన్ శిష్యు లిరువురు తమ వ్యాసములను తాము చదువలేదు. కేసు వచ్చినచో భవిష్యత్తు చెడునని వారు వేదికపై మౌనముగా నిలువగా, ఉద్యోగము స్థిరపడిన గురువు వారికి బదులు చదివెను.

నిజమునకు అమెరికాలో రహస్యలిపి 1996 వరకు ఆయుధముల జాబితాలో ఫిరంగులతో పాటు చేరియుండెను. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అను కంప్యూటరు నిపుణుడు సామాన్యులు వాడదగిన పి.జి.పి. అను రహస్యలిపి ప్రోగ్రామును ఉచితముగా పంచెను. అది ఇంటర్నెట్టు వెంట దేశము దాటుటతో, 1993 నుండి మూడేండ్లు సుంకపు శాఖవారు అతనిపై విచారణ జరిపి, 1996 జనవరిలో నేరారోపణ లేకుండగనే విరమించిరి. ఈలోగా 1995లో ఆ ప్రోగ్రాము పంక్తులన్నియు అచ్చు పుస్తకముగా వెలువడినవి. డిస్కు ఎగుమతి చేసిన నేరము. పుస్తకము ఎగుమతికి అడ్డు లేదు, ఏలనన అది భావప్రకటన. 1997లో దాని తరువాతి ముద్రణను ఐరోపాలో పుటపుటను యంత్రములో చదివించి మరల ప్రోగ్రాముగా మార్చిరి. చట్టమునకును హేతువునకును ఇంత దూరము పెరిగిన సందర్భములు అరుదు.

అడ్డుట సాధ్యము కాదని తేలిన పిమ్మట ప్రభుత్వము రాజీమార్గము నొకదానిని యోచించెను. అదియే ఈ చరిత్రలో మిక్కిలి పాఠ్యమైన ఘట్టము. 1993 ఏప్రిల్ 16న అమెరికా అధ్యక్షుని కార్యాలయము క్లిప్పర్ అను చిప్పును ప్రకటించెను. టెలిఫోను యంత్రములలో దీనిని అమర్చినచో సంభాషణ 80 బిట్ల తాళపుచెవితో రహస్యమగును, డి.ఇ.ఎస్. కన్న అది ఎన్నో రెట్లు బలమైనది. షరతు ఒకటే. ప్రతి చిప్పునకు ఒక మారు తాళపుచెవి ప్రభుత్వము వద్ద ఉండును. అది ఒక్కరి చేతిలో పడకుండ రెండు ముక్కలు చేసి రెండు శాఖలలో దాచుదురు. న్యాయస్థానపు ఉత్తరువు చూపినప్పుడే రెండు ముక్కలును కలియును. పోలీసువారి వాదమును కాదనుట సులభము కాదు. మనుష్యులను ఎత్తుకొని పోవువారును, మాదకద్రవ్య ముఠాలును, విద్రోహులును పగులని తాళములు కొనుక్కొనుచుండగా రక్షకభటులు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? రెండు ముక్కల ఏర్పాటు కూడ శ్రద్ధతో ఆలోచించినదే.

యంత్రములోని కిటుకు ఇట్లుండెను. సంభాషణకు ముందు చిప్పు 128 బిట్ల చీటీ నొకదానిని పంపును. అందులో 80 బిట్లు ఆ సంభాషణ తాళపుచెవి, మారు తాళపుచెవితో మాత్రమే తెరువదగినట్లు. 32 బిట్లు చిప్పు సంఖ్య. మిగిలిన 16 బిట్లు చీటీ నిజమైనదేనని చూపు సరిచూపు గుర్తు. గుర్తు సరిపడనిచో అవతలి చిప్పు పలుకదు. 1994లో బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞుడు మాట్ బ్లేజ్ ఈ 16 బిట్ల దగ్గరనే ఆగెను. 16 బిట్లకు సాధ్యమగు గుర్తులు 65,536 మాత్రమే. తోచిన అంకెలతో దొంగచీటీలు చేసి వరుసగా వేసి చూచుచు పోయినచో, సగటున గంట లోపుగనే ఒకటి సరిపడును. అప్పుడు సంభాషణ చక్కగా రహస్యముగా నడచును. చీటీలో మాత్రము పోలీసులకు పనికివచ్చునది ఏమియు ఉండదు. అనగా తెలివిగల నేరస్థుడు తప్పించుకొనును. మారు తాళపుచెవులు మిగులునది నీతిమంతులవే. ఆ జూన్ నెలలో ఈ వార్త దినపత్రిక మొదటి పుటకు ఎక్కెను. క్లిప్పర్ ఆ దెబ్బనుండి కోలుకొనలేదు. 2000 జనవరిలో ఎగుమతి నిబంధనలు సడలిపోయెను. డి.ఇ.ఎస్. స్థానమున అంతర్జాతీయముగా బహిరంగ పోటీ పెట్టి, బెల్జియము శాస్త్రజ్ఞులు డామెన్, రైమన్‌ల పద్ధతిని 2001లో ప్రమాణముగా స్వీకరించిరి. దాని తాళపుచెవి కనీసము 128 బిట్లు. 1998 నాటి యంత్రముతో అన్నింటిని వేసి చూడవలెనన్న 1 ప్రక్కన 20 సున్నలు పెట్టినన్ని సంవత్సరములు చాలవు.

క్లిప్పర్ లోపము ఒక చిప్పులోని పొరపాటని, జాగ్రత్తతో చేసిన మారు తాళపుచెవి క్షేమమని వాదించువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును కలరు. దీనికి సమాధానము గ్రీసుదేశములో దొరకెను. టెలిఫోను కేంద్రములలో న్యాయసమ్మతముగా సంభాషణలు వినుటకై యంత్రనిర్మాతలు ఒక ఏర్పాటును అమర్చియుండిరి. 2004లో అజ్ఞాత వ్యక్తు లెవరో ఆ ఏర్పాటునే మేల్కొలిపి, ప్రధానమంత్రితో సహా నూరుమందికి పైగా ప్రముఖుల ఫోనులను నెలల తరబడి వినిరి. 2005 మార్చిలో గాని సంగతి బయటపడలేదు. 2024లో అమెరికాలో మరల ఇట్టిదే జరిగెను. చీనాకు చెందినవారని అమెరికా ప్రభుత్వము చెప్పిన చొరబాటుదారులు టెలిఫోను సంస్థలలో జొరబడి, పోలీసుల కొఱకు నిర్మించిన వినికిడి వ్యవస్థలను సయితము చేరిరి. ఆ డిసెంబరులో అమెరికా అధికారులు తమ పౌరులకు ఇచ్చిన సలహా ఏమనగా, రహస్యలిపి గల సందేశములనే వాడుకొనుడని. ముప్పది ఏండ్ల క్రిందట చిప్పుతో వెంటపడిన ప్రభుత్వము నోటనే ఈ మాట వచ్చినది.

అయినను భద్రత మాట ఉత్త సాకు కాదు. 2008 నవంబరు 26న బొంబాయిపై జరిగిన దాడిలో 166 మంది ప్రాణములు కోల్పోయిరి. హంతకులు సరిహద్దు ఆవలి తమ నాయకులతో ఇంటర్నెట్టు ఫోను ద్వారా మాటాడుచుండగా మన రక్షణ సంస్థలు ఆ మాటలను పట్టినవి. అవి న్యాయస్థానములో సాక్ష్యముగా నిలిచినవి. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలో 14 మందిని చంపినవాని ఫోను తెరువ వీలుగాక, తాళమును సడలించు ప్రత్యేక ప్రోగ్రామును వ్రాయవలసినదని న్యాయస్థానము ఆపిల్ సంస్థను ఆజ్ఞాపించెను. వ్రాసినచో అది ఒక్క ఫోనుతో ఆగదని సంస్థ నిరాకరించెను. తుదకు పోలీసులు వేరొకరి సాయముతో ఆ ఫోనును తెరచి వ్యాజ్యమును ఉపసంహరించుకొనిరి. చనిపోయినవారి బంధువుల ముందు నిలిచి గణితసూత్రములు చెప్పుట ఎవరికిని సుఖము కాదు.

మన న్యాయస్థానములు ఈ ప్రశ్నను కంప్యూటర్లు రాకముందే ఎదుర్కొనినవి. ఉత్తరప్రదేశములో ఖరక్ సింగ్ అను నతనిపై దోపిడి కేసు సాక్ష్యము లేక వీగిపోయెను. అయినను పోలీసులు అతని పేర దస్తరము తెరచి, ఇంటిపై రహస్యముగా కావలి పెట్టి, రాత్రివేళ తలుపు తట్టి లేపుచుండిరి. 1962లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు రాత్రి తలుపు తట్టుటను మాత్రము కొట్టివేసి, గోప్యత అను హక్కు రాజ్యాంగములో లేదనిరి. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కూడి, భిన్నాభిప్రాయము వ్రాసెను. ఆ పదము రాజ్యాంగములో లేకున్నను గోప్యత వ్యక్తి స్వాతంత్ర్యమునకు ముఖ్యాంగమని, నిత్యము కనిపెట్టబడుచున్నానను భయముతో తిరుగువాడు స్వేచ్ఛగా తిరుగుచున్నట్లు కాదని ఆయన తలంపు. 1996లో సుప్రీంకోర్టు ఫోనులు వినుటకు హోంశాఖ కార్యదర్శి ఉత్తరువు, రెండు నెలల గడువు, పునఃపరిశీలన సంఘము ఉండవలెనని నిర్ణయించెను. తుదకు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించి, 55 ఏండ్లనాటి సుబ్బారావు అభిప్రాయమునే నిలిపిరి. ఆ హక్కును ప్రభుత్వము తగ్గింపవలెనన్న చట్టము ఉండవలెను, న్యాయమైన ప్రయోజనము ఉండవలెను, ప్రయోజనమునకు మించిన చొరవ ఉండరాదు.

ఈ మూడవ షరతు దగ్గర గణితము మరల ప్రవేశించుచున్నది. 2021 ఫిబ్రవరి నియమముల ప్రకారము, 50 లక్షలకు పైగా వాడుకదారులు గల సందేశ సంస్థలు, ఘోరనేరముల విషయమున ఉత్తరువు వచ్చినప్పుడు, ఒక సందేశమును దేశములో మొదట పుట్టించినవాడెవడో చూపగలిగియుండవలెను. కవరులోని విషయమును చెప్పనక్కరలేదనియు అందులోనే కలదు. వినుటకు ఇది చిన్న కోరిక. కాని ఏ సందేశము రేపు నేరమగునో నేడు యంత్రమునకు తెలియదు గదా. ఒక్కని పేరు చెప్పగలుగుటకు కోట్లమంది వ్రాయు ప్రతి సందేశమునకును ముందుగానే గుర్తు వేసి ఉంచవలెను; పుట్టినరోజు శుభాకాంక్షలకును, వైద్యునకు వ్రాసికొనిన రోగవివరములకును గూడ. 2021 మే నెలలో వాట్సాప్ సంస్థ ఈ వాదముతోనే ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేసెను.